ఏడు దగ్గర మోపులు

అమ్మకి,

పొద్దుటి నుంచి ముసురు పట్టింది. తరగతి గదిలో రెండు చోట్ల కారుతోంది. ఒకచోట బకెట్టు, ఇంకోచోట పాత సుద్దముక్కల డబ్బా పెట్టాం. బకెట్టులో పడ్డ చినుకుది ఒక చప్పుడు, డబ్బాలో పడ్డదానిది ఇంకో చప్పుడు. ఆ రెండింటి మధ్య కూర్చోబెట్టి ఏడో తరగతి పిల్లలకి పౌనఃపున్య విభాజన పట్టిక చెబుతున్నాను. పేరు చూసి భయపడకు. చిందరవందరగా ఉన్న అంకెల్ని వరసలో పెట్టి, ఏది ఎన్నిసార్లు వచ్చిందో పక్కన రాయడం, అంతే. ఆరిన బట్టలు తీసుకొచ్చి ఎవరివి వాళ్ళకి మడతపెట్టి పక్కన పెడతావు చూడు, అదే పని.

ఒక అంకె వచ్చినప్పుడల్లా దాని ఎదురుగా ఒక నిలువు గీత గీయాలి. నాలుగయ్యాక ఐదోదాన్ని వాటి మీద అడ్డంగా గీయాలి. పుస్తకంలో వీటికి గణన చిహ్నాలని పేరు. మా పిల్లలు పుల్లలంటారు. నాలుగు పుల్లలు, ఐదోది తాడు. తాడు పడితే మోపు. నేనూ మోపనే అంటున్నాను, పని జరుగుతోంది.

పుస్తకంలో ఎక్కడో యాభైమంది పిల్లలకి వచ్చిన మార్కులిచ్చి పట్టిక వేయమన్నారు. సగం వేశాక మిరియం లేచింది. హాజరు పిలిచేటప్పుడు తప్ప దాని అసలు పేరు ఎవరికీ గుర్తురాదు. మనిషి గింజంత, మాట ఘాటు.

"ఎవరివి టీచర్ ఈ మార్కులు?"

"ఎవరివైతేనేం?"

"ఎవరో ఏంటో తెలీదు. వాళ్ళు పాసయితే మనకేంటి, ఫెయిలయితే మనకేంటి?"

నాకు కోపం రావాల్సింది, రాలేదు. అది అడిగినదాంట్లో తప్పేముంది? సరే, మీకు తెలిసినవాళ్ళ అంకెలే తెచ్చుకోండి, ఏం లెక్కపెడదామో చెప్పండి అన్నాను. మూడో బెంచీలో రేడియో అని ఒకడున్నాడు, వాడికి ఆపే మీట లేదు. "మా నాన్న రోజుకి ఎన్నిసార్లు తిడతాడో లెక్కపెడదాం టీచర్" అన్నాడు. "అంత పెద్ద బోర్డు బడికి లేదురా" అన్నాను. చివరికి నేనే చెప్పాను. మీ అమ్మ ఎన్నో తరగతిలో బడి మానేసిందో అడిగి రండి, ఎందుకు మానేసిందో కూడా అడగండి అని. దాని వెనక నాకు ఏ ఆలోచనా లేదమ్మా. అంకెలు చిన్నవి, సున్నా నుంచి పది దాకా పట్టికలో ఇమిడిపోతాయని అలా చెప్పాను.

మర్నాడు అందరూ తెచ్చారు. కవలలిద్దరూ గొడవ. "మా అమ్మ ఒక్కతే, మేమిద్దరం. రెండు పుల్లలా, ఒకటా?" మనం లెక్కపెట్టేది అమ్మల్ని కాబట్టి ఒకటే అని చెప్పాను. పిన్ని దగ్గర పెరుగుతున్న పిల్ల పిన్నిది రాసింది. అదీ లెక్కలోకి తీసుకున్నాం. మొత్తం ముప్ఫై ఎనిమిది మంది అమ్మలు. వరండాలో పొడుగు బోర్డు ఉందని చెప్పాను కదా, దాని మీద వేద్దామన్నారు.

మొదటిసారి గుంపులు చేశారు. సున్నా నుంచి ఐదు ఒక గుంపు, ఐదు నుంచి పది ఇంకో గుంపు, పది దాటినవాళ్ళు మరొకటి. (పుస్తకంలో ఈ గుంపుని కూడా తరగతి అనే అంటారు. బడి తరగతితో కలిసిపోతుందని నేను గుంపంటాను.) పుల్లలు కూడితే నలభై మూడు వచ్చాయి. అమ్మలు ముప్ఫై ఎనిమిది మందే. "ఐదుగురు అమ్మలు ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చార్రా?" అంటే రేడియో "మీరు పాఠం బాగా చెప్తున్నారని విని వచ్చుంటారు" అన్నాడు. ఐదో తరగతిలో మానేసిన ఐదుగురినీ రెండు గుంపుల్లోనూ గీశారు. అవధి దగ్గరున్న మనిషిని ఎటో ఒకవైపే నిలబెట్టాలి అని అప్పుడు వాళ్ళకి తెలిసింది. పది లెక్కలు చేయించినా అంత బాగా తెలిసేది కాదు.

అసలు అంకెలే కొన్ని, గుంపులెందుకు అని చెరిపి, ఒక్కో తరగతికి ఒక్కో వరస వేయించాను. బడి మొహం చూడనివాళ్ళు నలుగురు. రెండు దగ్గర ఇద్దరు. మూడు, నాలుగు, ఆరు, ఎనిమిది దగ్గర ఒక్కొక్కరు. ఐదు దగ్గర ఒక మోపు. పది దగ్గర ముగ్గురు, అందులో మిరియం వాళ్ళమ్మ ఉంది. ఆ పుల్ల గీసేటప్పుడు దాని నడక చూడాలి, పెళ్ళికూతురి నడక దాని ముందు ఏం పనికొస్తుంది! పది దాటి చదివింది ఒక్కరు. ఒకటి, తొమ్మిది వరసలు ఖాళీ.

ఏడు దగ్గర మూడు మోపులు, పైన నాలుగు పుల్లలు. పంతొమ్మిది మంది.

పిల్లలు బోర్డు దగ్గరికొచ్చి ఆ పుల్లల్ని మళ్ళీ లెక్కపెట్టారు. రేడియో కూడా. అప్పుడు ఎందుకు మానేశారో చదివించాను. ఏడు దగ్గరున్న పంతొమ్మిది మందీ ఇంచుమించు ఒకే మాట చెప్పారు. బుర్రకెక్కలేదట. లెక్కలు రాలేదట. తప్పిందట. బద్ధకమట. ఒక్కరి మాట వింటే, పాపం, చదువు రాలేదు కాబోలు అనుకుంటాం. వరసగా వింటుంటే వేరేగా ఉంది. మిరియమే అడిగింది.

"అందరి బుర్రా ఏడులోనే ఎలా చెడిపోయింది టీచర్?"

అప్పట్లో ఈ బడి ఏడుతోనే ఆగేదని వాళ్ళలో ఎవరికీ తెలీదు. ఎనిమిది, తొమ్మిది, పది ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళే అయింది. అంతకుముందు ఎనిమిది చదవాలంటే లారీల అడ్డా దాటి పెద్దబడికి పోవాలి. ఆ సంగతి ఇళ్ళల్లో అడిగి తెలుసుకోమని చెప్పి గంట కొట్టించాను.

అమ్మా, నువ్వూ ఏడే కదా. నీదీ అదే జవాబు. "నాకు లెక్కలు తలకెక్కలేదు, తప్పాను." నాన్న అయితే చుట్టాలెవరొచ్చినా ఆ జోకు వేయనిదే భోజనం పెట్టనివ్వరు. "మా ఆవిడకి ఏడు దాటితే చుక్కలే కనిపిస్తాయి, కూతురేమో లెక్కల టీచరు!" నువ్వు వడ్డిస్తూనే ఉంటావు. నిజంగా తప్పావా? ఫోనులో అడగను. నాన్న పక్కనే ఉంటారు. రాయి.

నీ
మొండిది

*

అమ్మకి,

నీ ఉత్తరం అందింది. గేదె ఈనిన సంగతి, దూడ కుంటుతున్న సంగతి, వంటింటి పెంకులు మార్పించిన సంగతి రాశావు. అడిగింది తప్ప అన్నీ రాశావు. సరే.

ఇక్కడ వాన తగ్గి ఎండ కాస్తోంది. గదులు ఆరుతున్నాయి, మనుషులు కాగుతున్నారు. సంగతేమిటంటే, ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు ఇక్కణ్ణుంచి ఎత్తేసి పెద్దబడిలో కలిపేస్తారట. పిల్లలు తక్కువున్నారు, రెండు చోట్ల దేనికి అని. వచ్చే నెల ఆఫీసరుగారు వస్తారు, తల్లిదండ్రుల సంతకాలు తీసుకుంటారు, మరుసటి వారం లారీ వచ్చి బెంచీలు ఎత్తుకుపోతుంది. లారీ కూడా మాట్లాడేశారు. సంతకాలు ఇంకా కాలేదు, లారీ మాత్రం అయింది.

నీకు ఆ దారి తెలీదు కాబట్టి చెబుతున్నాను. మా బడి దాటాక రోడ్డు వంపు తిరుగుతుంది. అక్కణ్ణుంచి పెద్దబడి దాకా రెండు పక్కలా లారీలే. కింద పడుకుని రిపేర్లు చేసేవాళ్ళు, మీద కూర్చుని పేకాడేవాళ్ళు, తాగి తూలేవాళ్ళు, స్నానాలు చేసేవాళ్ళు. నేను జీతం పని మీద నెలకోసారి ఆఫీసుకి ఆ దారినే వెళ్తాను. నాకు ఈ వయసులో, ఈ నోటితో కూడా, వెళ్ళొచ్చాక కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. పదమూడేళ్ళ పిల్లని ఆ దారిన రోజూ పంపమంటే ఏ అమ్మ పంపుతుంది? పంపదు. ఆ తర్వాత అడిగితే ఆ పిల్లే చెబుతుంది, నాకు బుర్రకెక్కలేదని.

పెద్దసారు బోర్డు చూశారు. మా హెడ్మాస్టర్ని అందరం అలాగే పిలుస్తాం. చెడ్డవాడు కాదమ్మా. గొడుగు మర్చిపోయిన పిల్లలకి తన గొడుగిచ్చి తడుస్తూ ఇంటికెళ్ళే మనిషి. రిటైరవడానికి కొద్దికాలమే ఉంది, బడులు కలిస్తే పెద్దబడికి ఆయనే హెడ్మాస్టరవుతారు. నన్ను గదికి పిలిచి కుర్చీ చూపించారు.

"పట్టిక బాగా వేయించావు టీచరమ్మా. ఆఫీసరుగారికి చూపిద్దాం. చిన్న మార్పు చెయ్యి చాలు."

"ఏం మార్పు సార్?"

"ఒక్కో తరగతికి ఒక్కో వరస ఏమిటి, పొడుగ్గా, చూడ్డానికి బాగోదు. గుంపులు చెయ్యి. చదవనివాళ్ళు, ఒకటి నుంచి ఐదు, ఆరు నుంచి పది, ఆపైన. నాలుగు వరసల్లో తేలిపోతుంది."

నేను మనసులో కూడాను. ఆరు నుంచి పదిలో ఇరవై నాలుగు మంది వస్తారు. ఏడు దగ్గర ఆగిన పంతొమ్మిది మందీ, పది గట్టెక్కిన ముగ్గురితో కలిసి ఒకే వరసలో హాయిగా కూర్చుంటారు. చూసినవాళ్ళు, అబ్బో, ఈ ఊళ్ళో తల్లులు బాగా చదువుకున్నారే అనుకుంటారు.

"అలా చేస్తే ఏడు కనపడదు సార్."

"అబద్ధం రాయమన్నానా నిన్ను? కాకిలెక్కలు వెయ్యమన్నానా? ఒక్క అంకె మార్చమన్నానా? గుంపు అంతరం పెంచమన్నాను, అంతేగా. అదీ పుస్తకంలో ఉన్నదేగా."

"పుస్తకంలో ఇంకోటి కూడా ఉంది సార్. అంతరం మరీ పెద్దదైతే దత్తాంశం తీరు తెలీకుండా పోతుందని. అది రేపు చెప్పాల్సిన పాఠం."

ఆయన గొడుగు తీసి మళ్ళీ అక్కడే పెట్టారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల టీచరమ్మా. నీకెందుకిది? నువ్వు ఈ ఊరిదానివా? పెద్దబడికి వెళ్తే నీకూ మంచిదే, అక్కడ గదులు కారవు. మాట వినకపోతే మెమో ఇవ్వాల్సొస్తుంది. నా చేత ఇప్పించకు."

"ఇవ్వండి సార్. బోర్డు చెరపను. ఎవరు చెరిపినా మళ్ళీ రాయిస్తాను. పిల్లలకి కంఠతా వచ్చు."

బయటికొచ్చేసరికి మిరియం తలుపు పక్కనే ఉంది. సుద్దముక్కలకని వచ్చిందట. "నేనూ ఏడేనా టీచర్?" అంది. ముందు పాఠం చదువుకో పో అని కసిరాను.

మెమో వచ్చింది. నాన్నకి ఎవరు చెప్పారో, రాత్రికే ఫోను చేశారు. "పెద్దవాళ్ళు చెప్పినట్టు విను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు చేయకు" అన్నారు. నీతో మాట్లాడతానంటే పడుకుందన్నారు. నువ్వు ఆ వేళకి పడుకోవని నాకు తెలుసు.

అమ్మా, నీకు ఒక్కదానికే చెబుతున్నాను. రాజీనామా రాసి సంచీలో పెట్టుకున్నాను. ఆఫీసరుగారు వచ్చిన రోజు ఆ బోర్డు చెరిపితే అందరి ముందూ ఆ కాగితం బల్ల మీద కొట్టి వచ్చేస్తాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఈ చాకిరీ కాకపోతే ఇంకోటి. వీళ్ళ దయ మీద బతకనక్కర్లేదు నాకు. ఇంటికి వచ్చి గేదెలు కాస్తాను. దూడ కుంటుతోంది అన్నావుగా, దానికీ నాకూ సరిపోతుంది.

నీ
మొండిది

*

నా మొండిదానికి,

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. పాదుల పందిరి ఒరిగిపోతే పొద్దున్నుంచి దాన్ని నిలబెట్టి కట్టాను. దూడ నడుస్తోంది. చేతులు కడుక్కుని కూర్చున్నాను. మీ నాన్న విత్తనాల కొట్టుకి వెళ్ళారు.

నువ్వు అడిగింది పోయిన ఉత్తరంలో రాయకపోవడం మర్చిపోయి కాదు. రాసి చింపాను. ఈసారి చింపను.

నేను తప్పలేదు. ఏడులో మా బడి మొత్తానికీ మొదటి మార్కు నాదే. లెక్కల్లో నాకంటే ఎక్కువ ఎవరికీ రాలేదు. బహుమానంగా ఇంకు కలం ఇచ్చారు. ఎనిమిదికి పక్క ఊరు వెళ్ళాలి, మధ్యలో ఇటుక బట్టీలు. బట్టీల్లో ఎక్కడెక్కడి మగవాళ్ళో ఉంటారు. మా నాన్న పంపనన్నారు. ఆయనా ఊరికే అనలేదు, భయపడి అన్నారు. ఒక వారం తిండి మానేశాను. ఆ తర్వాత ఆకలేసి తిన్నాను. కలం మీ మామయ్యకిచ్చారు. వాడు దాన్ని పది రోజులు కూడా ఉంచలేదు.

అడిగినవాళ్ళకి ఏం చెప్పాలి? మొదటి మార్కు వచ్చిన పిల్లని ఎందుకు మాన్పించారని ఊరంతా అడుగుతుంటే మా నాన్న తల వంచుకోవాల్సొస్తోంది. మా అమ్మ అంది, "తప్పిందని చెప్పవే, మాట నీ మీద వేసుకుంటే పోతుంది" అని. వేసుకున్నాను. మొదట్లో నోటికి రాలేదు. తర్వాత అలవాటైంది. పెళ్ళిచూపుల్లో కూడా అదే చెప్పాను, మీ నాన్న నవ్వారు. ఆ నవ్వు ఇంకా ఆగలేదు. మధ్యలో ఎప్పుడో నాకే నమ్మకం వచ్చేసింది, నిజంగానే తప్పానేమోనని. నీ చిన్నప్పుడు నువ్వు లెక్క అడిగితే నాకు రాదు, మీ నాన్ననడుగు అనేదాన్ని. మీ నాన్న తప్పు చేస్తుంటే పొయ్యి దగ్గర నిలబడి చూసేదాన్ని.

నీ ఉత్తరంలో ఆ పంతొమ్మిది మంది చెప్పింది రెండుసార్లు చదివాను. బుర్రకెక్కలేదు, తప్పాను, బద్ధకం. అందరూ నా మాటే చెప్పారు. నా ఒక్కదానికే మా అమ్మ నేర్పిందనుకున్నాను.

మొన్న మీ నాన్న స్నేహితుడు, విత్తనాల కంపెనీ ఏజెంటు, భోజనానికి వచ్చాడు. కంచం ముందు కూర్చోగానే జోకు మొదలైంది. "మా ఆవిడకి ఏడు దాటితే" అన్నారు. నేను గరిటె కింద పెట్టి, "నేను తప్పలేదు. బడికి మొదటి మార్కు నాది. మా నాన్న పంపలేదు, అందుకు మానేశాను" అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఏజెంటు నీళ్ళు తాగాడు. మీ నాన్న "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు. "మీరు అడగలేదు, నవ్వారు" అన్నాను. ఆ రాత్రి అరుగు మీద పడుకున్నారు. పొద్దున్న కాఫీ తాగారు. మాట్లాడతారులే, ఎక్కడికి పోతారు.

ఇప్పుడు నీ సంగతి. రాజీనామా కాగితం చింపి పారెయ్. నేను ఏడులో మానేశాను, నువ్వు ఉద్యోగం మానేస్తావా? అప్పుడు మనిద్దరిదీ ఒకటే వరస అవుతుంది. బల్ల మీద కొట్టి వచ్చేస్తానంటున్నావు, అది ధైర్యమనుకుంటున్నావు. నువ్వు వచ్చేశాక వాళ్ళేం చెబుతారో తెలుసా? "పాపం, ఆ టీచరు సర్దుకోలేకపోయింది, తనే మానేసి వెళ్ళిపోయింది." మళ్ళీ మాట నీ మీదే. మేమందరం చేసింది అదే. ఎవరో మాన్పిస్తే మేమే మానేశామని చెప్పుకున్నాం. నువ్వు అలా చెయ్యకు.

నిన్ను పంపించాలనుకుంటే వాళ్ళనే పంపించనీ. కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి పంపించనీ. సంతకం ఎవరిదో కనపడాలి. నీ అంతట నువ్వు మాత్రం అడుగు తీయకు. మూడు కాళ్ళ కుందేలైతే మూడు కాళ్ళ మీదే నిలబడు.

నన్ను ఆ బోర్డు మీద వేయకు. నేను ఆ ఊరి అమ్మని కాదు. లెక్క లెక్కే.

అమ్మ

*

అమ్మకి,

నీ ఉత్తరం చదివాక రాజీనామా చింపాను. చింపి డబ్బాలో వేస్తుంటే రేడియో చూసి "టీచర్, ప్రేమలేఖా?" అన్నాడు. నాలుగు అంటించాల్సింది, నవ్వొచ్చింది.

ఆఫీసరుగారు వచ్చిన రోజు బాగా ఎండగా ఉంది. తెల్లవారుతూనే వరండా ఊడిపించి, నీళ్ళు చల్లించి, కుర్చీలు వేయించాం. పిల్లలకి పరీక్ష కాబట్టి గదుల్లో కూర్చోబెట్టి కిటికీలు తెరిచి ఉంచాను. పెద్దసారు బోర్డు చెరపలేదు. అది ఆయన చేత కాలేదు. ముందురోజు సాయంత్రం అటెండరు చేత దాని మీద పెద్ద అట్ట వేలాడదీయించారు. రంగు పెన్నులతో అందంగా వేసిన పట్టిక. నాలుగు గుంపులు. ఆరు నుంచి పది, ఇరవై నాలుగు. చుట్టూ పువ్వులు కూడా గీయించారు.

సంతకాలకి తండ్రులు వస్తారని వాళ్ళ లెక్క. వచ్చింది అమ్మలు. ఆఫీసరుగారు కుర్చీలో సర్దుకుని, "మగవాళ్ళు రాలేదా?" అన్నారు.

"పనుల్లోకి పోయారండి. మేం సరిపోమా?" అంది మిరియం వాళ్ళమ్మ. ఆవిడ బట్టలు కుడుతుంది, బడి యూనిఫారాలన్నీ ఆవిడవే. టైలరమ్మ అంటారు. మెళ్ళో కొలతల టేపు తీయకుండానే వచ్చేసింది.

ఆఫీసరుగారు పెద్దబడి గొప్పలు చెప్పారు. ప్రయోగశాల ఉంది, ఆటస్థలం ఉంది, గదులు కారవు. టైలరమ్మ అంతా విని, "బడి బాగుంటదండీ, కాదన్లేదు. దారి సంగతి చెప్పండి" అంది. బస్సు వేస్తామన్నారు. ఎప్పుడు? తర్వాత. తర్వాతంటే? అంచెలంచెలుగా. "అప్పటిదాకా పిల్లలు ఎగిరిపోవాలా బాబూ?" అని వెనక నుంచి ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆఫీసరుగారు కూడా కొంచెం నవ్వారు. ఆయన అట్ట వైపు చూపించి, "చూడండి, మీ తరంలోనే ఇంతమంది ఆరు నుంచి పది దాకా చదువుకున్నారు. అప్పుడు ఆ దారే కదా? దారి వల్ల ఎవరి చదువూ ఆగలేదు" అన్నారు.

అప్పుడు టైలరమ్మ లేచి వచ్చి, "ఈ అట్ట కింద ఏముందో చూపించండి" అంది. పెద్దసారు "ఏం లేదమ్మా, పాత బోర్డు" అన్నారు. ఆవిడ ఒక చేత్తో అట్ట పైకెత్తి పట్టుకుంది. ఏడు దగ్గర మూడు మోపులు, నాలుగు పుల్లలు. దూరం నుంచి చూసినా ఆ వరస ఒక్కటే పొడుగు.

ఆవిడ నా వైపు చూడలేదు. పది వరసలో మూడు పుల్లల్లో ఒకదాన్ని బొటనవేలితో తుడిచేసింది. "ఇది నాది. నేను పది చదవలేదు. పూర్తి చేసింది ఏడే" అంది. సుద్దముక్క తీసుకుని ఏడు దగ్గరున్న నాలుగు పుల్లల మీద అడ్డంగా గీత గీసింది. నాలుగో మోపు కట్టింది.

కిటికీలోంచి మిరియం అరిచింది. "అమ్మా! నువ్వు పదన్నావు కదా!"

"అన్నానే. నేను చదివానంటే నువ్వు చదువుతావని అన్నాను. నిన్ను కూడా ఇక్కడే ఆపుతామంటుంటే ఇంకెవరి కోసమే ఆ అబద్ధం?" ఆఫీసరుగారి వైపు తిరిగింది. "నాకు చదువు రాక మానలేదండి. ఆ లారీల్లోంచి రెండు నెలలు నడిచాను. మూడో నెల నడవలేకపోయాను. ఎందుకని ఇంట్లో అడిగితే చదువు రావట్లేదని చెప్పాను. అసలు సంగతి చెబితే తిట్లు నాకే పడతాయని."

అమ్మా, నా పని ఒక్కటే మిగిలింది అనిపించింది. మిరియాన్ని బయటికి పిలిచి, "మీ అమ్మ పుల్ల పది నుంచి ఏడుకి కదిలింది కదా, సారుగారి అట్ట మీద దాన్ని సరిచెయ్యి" అన్నాను. అది అట్ట చూసింది, వేళ్ళతో కూడింది, మళ్ళీ చూసింది.

"ఇందులో ఏమీ మారదు టీచర్. ఇరవై నాలుగు ఇరవై నాలుగే."

"ఎందుకని?"

"ఏడూ పదీ ఒకే గుంపులో ఉన్నాయి. మా అమ్మ కదిలినా కదిలినట్టు తెలీదు."

"అయితే పాఠం అర్థమైందా?"

"అయింది టీచర్."

ఆఫీసరుగారు మాత్రం, ఇది పైనుంచి వచ్చిన నిర్ణయం, నా చేతుల్లో లేదు, సంతకాలు పెడితే బాగుంటుంది అన్నారు. కాగితాలు చేతులు మారుతూ వరండా చివరిదాకా వెళ్ళి, అలాగే తెల్లగా వెనక్కి వచ్చాయి. ఏడు దగ్గర ఇన్నాళ్ళూ బుర్రకెక్కని ఇరవై మందికీ ఆ కాగితంలో ఏముందో బాగానే అర్థమైంది. సంతకాలు లేకుండా తరగతులు కదపకూడదని ఆయన కాగితంలోనే ఉందట. అది పది దాటి చదివినావిడ చదివి అందరికీ చెప్పింది.

వెళ్ళేముందు ఆయన బోర్డు దగ్గర ఆగి, "ఎవరు వేయించారిది?" అని అడిగారు. పెద్దసారు నేల చూశారు. "నేనే సార్" అన్నాను. "పట్టిక బాగుంది" అన్నారు. నాలుగో రోజుకి నా బదిలీ కాగితం వచ్చింది. ఇక్కణ్ణుంచి బస్సులో సగం రోజు దూరం. కారణం పాలనా సౌలభ్యం అని రాశారు. కింద ఆయన సంతకం ఉంది, స్పష్టంగా, పేరుతో సహా. నేను మానేయలేదమ్మా, పంపించారు. కాగితం దాచాను, వచ్చినప్పుడు చూపిస్తాను.

పెద్దసారు సాగనంపడానికి వచ్చారు. గొడుగు నా చేతిలో పెట్టి, "అక్కడ వానలెక్కువ" అన్నారు. వద్దనలేదు, తీసుకున్నాను. అంతరం సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

కొత్త బడిలో గది కారదు. సోమవారం నుంచి ఏడో తరగతికి పట్టికలు మొదలుపెడతాను. పుస్తకంలో అవే యాభైమంది మార్కులున్నాయి. ఈ పిల్లలు ఏం లెక్కపెడతారో వాళ్ళనే అడుగుతాను. నాన్న మాట్లాడుతున్నారా? మాట్లాడకపోతే ఆయనకి ఈ ఉత్తరం చదివి వినిపించు. నువ్వే చదువు, ఆయన చేతికివ్వకు.

లారీ రద్దు చేయడం ఎవరికీ గుర్తులేదట, రేడియో రాశాడు. వాడి ఉత్తరానికీ ఆపే మీట లేదు.

ఆఫీసరుగారు ఆ రోజు మధ్యాహ్నం వెళ్ళారు. నేను శనివారం పొద్దుటి బస్సుకి వచ్చేశాను. బెంచీల కోసం వచ్చిన లారీ మంగళవారం ఖాళీగా వెళ్ళింది. ఎనిమిదో తరగతిలోంచి ఎవరూ వెళ్ళలేదు.

నీ
మొండిది